సంతకం సంకెల కాదు

విత్తన కంపెనీ కోసం పంట పండించే రైతుకూ, వాయిదాల మీద ట్రాక్టరు తెచ్చుకున్న కుర్రవాడికీ, చిన్న అప్పు కోసం మైక్రో ఫైనాన్సు కాగితం మీద సంతకం చేసిన కూలి తల్లికీ చివరకు ఎదురయ్యే మాట ఒక్కటే: "సంతకం పెట్టావు గదా, ఇప్పుడు కాదంటే ఎట్లా?" కంపెనీ ఇస్తానన్న సేవ ఇవ్వకపోయినా, అంటగట్టిన సరుకు నాసిదని తేలినా, సీజనంతా సూపర్‌వైజరు పొలం గట్టు తొక్కకపోయినా ఈ మాట మాత్రం మారదు. రైతు పెట్టిన సంతకం శిలాశాసనం, కంపెనీ పెట్టిన సంతకం నీటి మీద రాత! పల్లెల్లో నేడు నడుస్తున్న ఒప్పందాల నీతి ఇదే.

ఈ నీతిని మనం ఒప్పుకోనక్కర లేదు. చట్టం కూడా ఒప్పుకోదు. ఒప్పందమంటే రెండు పక్షాలనూ కట్టే తాడు. ఒక పక్షం తన పని చెయ్యకపోతే రెండో పక్షం ఆ తాడు విప్పుకుని బయటకు రావచ్చు. వచ్చేటప్పుడు తనకు జరిగిన నష్టానికి పరిహారం కూడా అడగవచ్చు. ఇది ఎవరి దయాధర్మమూ కాదు, హక్కు. మరి కాగితం మీద వున్న ఈ హక్కు పొలంలోకి ఎందుకు దిగడం లేదు? దించాలంటే రైతాంగమూ, వ్యవసాయ కార్మికులూ ఏం చెయ్యాలి? ఇవే మన ముందున్న ప్రశ్నలు.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న

విత్తనోత్పత్తి ఒప్పందాన్నే ఉదాహరణగా తీసుకుందాం. గద్వాల వైపు నడిగడ్డలో, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో పత్తి విత్తనం, ములుగు ఏజెన్సీలో మొక్కజొన్న విత్తనం ఈ పద్ధతి మీద పండుతున్నాయి. చాలా చోట్ల కంపెనీ నేరుగా రైతు గడప తొక్కదు. మధ్యలో ఆర్గనైజరు వుంటాడు. మూల విత్తనం తెచ్చేది అతడే, పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చేది అతడే, పండిన విత్తనం ఎత్తుకుపోయేది అతడే. పండిందంతా కంపెనీకే ఇవ్వాలి. బయట అమ్మడానికి వీల్లేదు.

సంతకం అయ్యేదాకా మాటలు తియ్యగా వుంటాయి. "అన్నా, మేమున్నాం గదా! విత్తనం మాది, సలహా మాది, కొనుగోలు మాది. నువ్వు ఒళ్ళు వంచితే చాలు" అంటారు. సంతకం అయ్యాక ఓడ మల్లన్న కాస్తా బోడి మల్లన్న అవుతాడు. విత్తనం ఆలస్యంగా వస్తుంది. తెగులు పట్టిందని ఫోను చేస్తే ఎత్తేవాడుండడు. ఒప్పంద పత్రం ప్రతి అడిగితే "ఆఫీసులో వుందిలే" అంటారు. ఆ పత్రం కూడా చాలాసార్లు ఇంగ్లీషులో వుంటుంది. ఏమి రాసుందో రైతుకు తెలియదు, చెప్పేవాడూ వుండడు.

పత్తి విత్తనం పండించడమంటే మామూలు సేద్యం కాదు. సాయంత్రం పూట మొగ్గ విప్పి మగ భాగం తీసెయ్యాలి. మర్నాడు పొద్దున్నే మగ చెట్ల పూలు తెచ్చి అద్దాలి. పువ్వు పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి. క్రాసింగు రోజుల్లో కూలి అక్కచెల్లెళ్ళు నడుములు పడిపోయేలా పని చేస్తారు. ఇంత చేసి విత్తనం అప్పగించాక జీఓటీ పరీక్ష అంటారు. నమూనా విత్తనం నాటి, మొక్కలు పెరిగాక జన్యు స్వచ్ఛత సరిపోయిందో లేదో చూడటమన్నమాట. ఫలితం రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక ఒకే ఒక్క ముక్క చెబుతారు: "ఫెయిలయింది." పరీక్ష చేయించేది కంపెనీ, ఫలితం చెప్పేది కంపెనీ, డబ్బు ఆపేది కూడా కంపెనీయే! మూల విత్తనంలోనే కల్తీ వుందా, రైతు వైపు లోపమా అన్నది తేల్చే మూడో మనిషి ఎవరూ లేరు.

దొంగే తీర్పరి అయితే న్యాయం ఎక్కడుంటుంది?

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఒప్పందాలకు మూలం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. తెల్లదొరలు రాసిన చట్టమే అయినా అందులో రైతు పట్టుకోదగిన ఊతకర్రలు కొన్ని వున్నాయి.

39వ సెక్షను ప్రకారం ఒక పక్షం తాను చేస్తానన్న పని మొత్తంగా చెయ్యనని మొండికేసినా, చెయ్యలేని స్థితి తెచ్చుకున్నా రెండో పక్షం ఒప్పందాన్ని ముగించవచ్చు. 75వ సెక్షను ఇంకో అడుగు ముందుకు వేసింది. న్యాయంగా ఒప్పందం రద్దు చేసుకున్నవాడు, అవతలివాడు మాట తప్పినందువల్ల తనకు కలిగిన నష్టానికి పరిహారం పొందుతాడు. అంటే బయటకు వచ్చినంత మాత్రాన పరిహారపు హక్కు పోదు. 19వ సెక్షను ప్రకారం మోసం చేసో, అబద్ధం చెప్పో తీసుకున్న సంతకాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చు. "మధ్యలో మానేస్తే ఇంత జరిమానా" అని కంపెనీ పెద్ద అంకె రాసుకుందనుకోండి, 74వ సెక్షను ప్రకారం ఆ అంకె మొత్తం రాబట్టే హక్కు దానికి రాదు. సమంజసమైన పరిహారమే అడగాలి. ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. సూపర్‌వైజరు ఒక రోజు రాలేదనో, బస్తా ఒకటి తగ్గిందనో ఒప్పందం తెంచుకోవడం కుదరదు. ఒప్పందానికి ప్రాణం లాంటి విషయంలో దెబ్బ తగలాలి. మొలవని విత్తనం, అదను దాటాక వచ్చిన విత్తనం, పండిన పంట తీసుకోననడం లాంటివి అట్లాంటి దెబ్బలు. తీసుకున్న అడ్వాన్సు ఎగ్గొట్టమని కూడా మనం చెప్పడం లేదు. తీసుకున్నది లెక్కలో వుంటుంది, జరిగిన నష్టమూ లెక్కలో వుండాలి. ఒక వైపు లెక్క మాత్రమే చూపించి రైతును బాకీదారుగా నిలబెట్టడాన్నే మనం కాదంటున్నాం.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. సరుకులో లోపాన్నీ, సేవలో లోపాన్నీ రెంటినీ ఇది నేరుగా ప్రశ్నించనిస్తుంది. 'అన్యాయమైన ఒప్పందం' అన్న మాటకు 2019 చట్టం మొదటిసారిగా అర్థం చెప్పింది. విపరీతమైన డిపాజిట్లు అడగడం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వెయ్యడం, అప్పు ముందుగా తీరుస్తానంటే ఒప్పుకోకపోవడం, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందం రద్దు చేసుకునే అధికారం పెట్టుకోవడం ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మన కంపెనీ పత్రాలు ఒకసారి తిప్పి చూడండి, ఇందులో ఎన్ని కనిపిస్తాయో!

రైతు వినియోగదారుడే

"రైతు లాభం కోసం పండిస్తాడు, అది వ్యాపారం, అతను వినియోగదారుడు కాడు" అని కంపెనీ వకీళ్ళు వాదిస్తారు. ఈ వాదానికి 2012 జనవరిలో సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. ఆ కేసు పుట్టింది మన తెలుగు గడ్డ మీదే. జాతీయ విత్తన సంస్థ ఇచ్చిన విత్తనం వల్ల పంట పోయిందని, దిగుబడి పడిపోయిందని రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాలకు వెళ్ళారు. గెలిచారు. సంస్థ పై కోర్టుకు పోయింది, అక్కడి నుంచి ఇంకా పైకి పోయింది. ప్రభుత్వ రంగ సంస్థ అయి వుండి కూడా రైతుకు పరిహారం ఇవ్వడం ఇష్టం లేక ఢిల్లీ దాకా పోరాడింది!

సుప్రీంకోర్టులో సంస్థ మూడు వాదాలు తెచ్చింది. విత్తన చట్టం వుండగా వినియోగదారుల చట్టం వర్తించదని ఒకటి. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు వుంది గనుక ఫోరానికి రాకూడదని రెండు. విత్తనం పండించే రైతు వ్యాపారం కోసం కొన్నాడు గనుక వినియోగదారుడు కాడని మూడు. మూడూ చెల్లలేదు.

రైతును ఎంచుకున్నది సంస్థే, మూల విత్తనం డబ్బు తీసుకుని ఇచ్చింది సంస్థే, సాగు పర్యవేక్షించింది సంస్థ పంపిన నిపుణుడే, పంటంతా కొంటామన్నదీ సంస్థే. బయట అమ్ముకునే స్వేచ్ఛ రైతుకు లేనప్పుడు అది వ్యాపారం ఎట్లా అవుతుందని కోర్టు తేల్చింది. మధ్యవర్తిత్వమన్నది రైతు కావాలంటే ఎంచుకునే దారి మాత్రమేననీ, అది ఫోరం తలుపు మూయలేదనీ చెప్పింది. విత్తన చట్టంలో పంట నష్టానికి పరిహారమన్న మాటే లేదనీ గుర్తు చేసింది. 1966 నాటి ఆ చట్టం మొదటి నేరానికి రాసిన జరిమానా 500 రూపాయలు మాత్రమే! ఎకరాలకు ఎకరాలు నాశనం చేసినవాడికి 500 రూపాయలు ఒక లెక్కా?

విత్తనమంతా చల్లేసిన రైతును "పరీక్షకు నమూనా తెచ్చావా?" అని అడగడం అన్యాయమని కూడా ఆ తీర్పు గుర్తించింది. సంచిలో విత్తనం దాచిపెట్టి కోర్టు కోసం కూర్చునే రైతు ఎక్కడుంటాడు? ఈ తీర్పు ప్రతి రైతు సంఘం ఆఫీసులోనూ వుండవలసిన కాగితం.

తాడు కాదు, అప్పు కట్టేస్తున్నది

ఇన్ని హక్కులుండగా రైతు ఎందుకు బయటకు రాలేకపోతున్నాడు? ఇక్కడే అసలు విషయం వుంది.

సెల్‌ఫోను సంగతి చూడండి. సేవ బాగా లేకపోతే నెంబరు మార్చుకోకుండానే కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా వుంది. సిగ్నలు రాకపోతే కూలి పిల్లవాడు కూడా కంపెనీ మార్చేస్తాడు. మరి విత్తన కంపెనీని అదే రైతు ఎందుకు మార్చలేడు? కారణం ఒక్కటే. సెల్ కంపెనీకి అతను బాకీ లేడు. విత్తన ఆర్గనైజరుకు బాకీ వున్నాడు. దుక్కికి తెచ్చింది, క్రాసింగు కూలికి తెచ్చింది, పిల్ల పెళ్ళికి తెచ్చింది అంతా ఒకే చిట్టాలో వుంటుంది. ఆ చిట్టా కూడా ఆర్గనైజరు చేతిలోనే వుంటుంది. ఖాళీ ప్రోనోటు మీద సంతకం, ఖాళీ చెక్కు వాడి బీరువాలో వుంటే రైతు నోరు ఎట్లా పెగులుతుంది?

అందుచేత ఒప్పందం తెంచుకునే హక్కు అప్పు దగ్గర తెగిపోతున్నది. వెనుక జీతగాణ్ణి కట్టేసింది కూడా తీసుకున్న బాకీయే. నేడు కంపెనీ సేద్యం అదే తాడుకు కొత్త రంగు వేసి తెచ్చింది. బ్యాంకు అప్పు అందని చిన్న రైతు, కాగితం లేని కౌలుదారు ఈ ఉచ్చులో ముందు పడుతున్నారు. రైతుకు సకాలంలో బ్యాంకు అప్పు ఇవ్వకుండా "నీకు హక్కులున్నాయి" అని చెప్పడం, కాళ్ళు కట్టేసి పరుగెత్తమనడమే.

రెండో కారణం ఒంటరితనం. ఒక్క రైతు ఎదురు తిరిగితే "నీకు వచ్చే ఏడు విత్తనం లేదు పో" అంటారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితే ఆ మాట అనగలరా?

కూలీల గడపలోని ఒప్పందాలు

ఈ విషయం భూమి వున్నవాళ్ళదేనని వ్యవసాయ కార్మికులు అనుకోకూడదు. విత్తనం ఫెయిలయిందని డబ్బు ఆగితే ముందు ఆగేది కూలి. క్రాసింగు చేసిన కూలి అక్కకు "కంపెనీ ఇవ్వలేదమ్మా, నేనేం చెయ్యను?" అన్న జవాబు వస్తుంది. పని చేయించుకున్న రైతు కూలి బాకీ పడటం న్యాయం కాదు. ఆ బాకీకి అసలు కారకుడైన కంపెనీని రైతూ కూలీ కలిసి నిలదీయాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. కూలి డబ్బు వినియోగదారుల చట్టం కిందికి రాదు. దానికి కనీస వేతనాల దారి, కార్మిక శాఖ దారి, సంఘం పోరాటపు దారి వేరే వున్నాయి.

కూలి ఇంట్లోనూ ఒప్పందాలున్నాయి. మైక్రో ఫైనాన్సు అప్పు అందులో మొదటిది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఈ అప్పు ముందుగా తీర్చేస్తానంటే జరిమానా వెయ్యకూడదు. కిస్తీ ఆలస్యమైతే వేసే జరిమానా కూడా ఆలస్యమైన మొత్తం మీదే గాని మొత్తం అప్పు మీద కాదు. వడ్డీ ఎక్కువని, మనిషి మర్యాద లేదని తోచినప్పుడు డ్వాక్రా సంఘం పొదుపు డబ్బుతోనో, బ్యాంకు అప్పుతోనో దాన్ని తీర్చేసి ఆ కంపెనీకి దండం పెట్టే హక్కు ఆ తల్లికి వుంది. "ఏడాది నిండకుండా మూసెయ్యడానికి లేదు" అన్నవాడు అబద్ధమాడుతున్నాడు.

రెండోది బీమా. అప్పు ఇచ్చేటప్పుడే పక్కన ఇంకో కాగితం పెట్టి "ఇక్కడ కూడా ఒక సంతకం" అంటారు. అది ఏటేటా డబ్బు కట్టవలసిన జీవిత బీమా పాలసీ అని తరువాత తెలుస్తుంది. 2024 నిబంధనల ప్రకారం పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల లోపల "నాకు వద్దు" అని రాసిస్తే, కొద్దిపాటి కోతలు పోను కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. ఈ 30 రోజులు తెలియకనే ఎందరో కూలీలు తమకు అక్కర లేని పాలసీకి రెక్కల కష్టం ధారపోస్తున్నారు.

బయటకు రావడం ఎట్లా?

కోపం వచ్చి పంట మధ్యలో వదిలేసి పోతే నేరం మన మీదికే వస్తుంది. "రైతే ఒప్పందం ఉల్లంఘించాడు" అని కంపెనీ కేసు పెడుతుంది. పద్ధతి ప్రకారం పోవాలి. కార్యకర్తలు ఈ కింది విషయాలు ఊరూరా చెప్పాలి.

మొదటిది, కాగితం. బిల్లు, సంచి, సంచికి కుట్టిన లేబులు, లాటు నెంబరు, వాట్సాప్‌లో వచ్చిన మాటలు, డబ్బు పంపిన రశీదులు ఏదీ పారెయ్యొద్దు. ఒప్పంద పత్రం ప్రతి చేతికి రాకుండా సంతకం పెట్టొద్దు. ఇవ్వనంటే పత్రం ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద ప్రాణం పోయినా సంతకం పెట్టొద్దు.

రెండోది, సాక్ష్యం. మొలక రాలేదన్నా, కాయ పట్టలేదన్నా చేను దున్నెయ్యకముందే మండల వ్యవసాయాధికారికి రాసిచ్చి పొలం చూపించాలి. ఆయన రిపోర్టు ప్రతి తీసుకోవాలి. చుట్టుపక్కల రైతుల సంతకాలతో పంచనామా రాయించాలి. తేదీ పడే విధంగా ఫొటోలు తియ్యాలి. చేను దున్నేశాక సాక్ష్యం వెతకడం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మూడోది, హెచ్చరిక ఉత్తరం. ఫలానా రోజు ఫలానా సేవ ఇస్తామన్నారు, ఇవ్వలేదు, ఇన్ని రోజుల్లో సరిదిద్దకపోతే ఒప్పందం ముగిస్తాం, నష్టం అడుగుతాం అని తెలుగులోనే రాయండి. స్పీడు పోస్టులో కంపెనీ ఆఫీసుకూ, ఆర్గనైజరుకూ ఇద్దరికీ పంపి రశీదు దాచండి. "ఆర్గనైజరుకూ మాకూ సంబంధం లేదు" అని కంపెనీ తప్పించుకోచూస్తుంది. ఏజెంటు తన అధికారంలో చేసిన పని యజమానిని కట్టిపడేస్తుందని కాంట్రాక్టు చట్టం చెబుతుంది. అందుకని ఇద్దరినీ కలిపే పట్టుకోవాలి.

నాలుగోది, ముగింపు ఉత్తరం. గడువు దాటినా పలకకపోతే, ఒప్పందం ముగించామని, కారణాలివని, మాకు రావలసింది ఇంత, మేము ఇవ్వవలసింది ఇంత అని లెక్క వేసి రాయాలి. వాడకుండా మిగిలిన సరుకు వుంటే తిరిగి ఇచ్చి రశీదు తీసుకోవాలి. కొద్ది డబ్బు చేతిలో పెట్టి "లెక్క పూర్తిగా ముట్టింది" అని సంతకం అడుగుతారు. ఆ ముక్క రాసివ్వొద్దు. "కొంత మాత్రమే ముట్టింది" అని రాయండి.

ఐదోది, ఫిర్యాదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళ లోపల వెళ్ళాలి. కంపెనీ బొంబాయిలో వున్నా, బెంగుళూరులో వున్నా 2019 చట్టం ప్రకారం మనం వుండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టవచ్చు. సరుకుకో, సేవకో మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. వకీలు కావాలంటే మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, తక్కువ ఆదాయం వారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ముందుగా సలహాకు, ఫిర్యాదుకు 1915 నెంబరుకు ఫోను చెయ్యవచ్చు.

ఆరోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కలిసి పోవడం. ఒకే లాటు విత్తనంతో నష్టపోయిన రైతులు కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు పెట్టవచ్చని 35వ సెక్షను చెబుతున్నది. ఊరికొక్కడు పదిసార్లు తిరగడం కంటే పది ఊళ్ళు ఒక్కసారి కదలడం మేలు.

కౌలు రైతుకు ఇంకో మాట. బిల్లు భూమి యజమాని పేరున వుందని వెనక్కు తగ్గొద్దు. కొన్నవాడి సమ్మతితో సరుకు వాడినవాడు కూడా వినియోగదారుడే అని చట్టం రాసింది. అట్లాగే ట్రాక్టరు కొని సొంత సేద్యానికి వాడుకుంటూ, తానే నడిపి బాడుగకు తోలి పొట్ట పోసుకునేవాడు కూడా వినియోగదారుడే. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నది వ్యాపారపు కొనుగోలు కాదు.

చట్టాన్ని నమ్ముకుని కూర్చుంటే?

ఇదంతా చదివి చట్టమే మన కడుపు నింపుతుందని భ్రమపడరాదు. ఫిర్యాదు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం రాసింది. వాయిదాలు మాత్రం ఏళ్ళ తరబడి నడుస్తాయి. కమిషన్లలో ఖాళీలు నింపని ప్రభుత్వాల నిర్లక్ష్యం మీద 2021లో సుప్రీంకోర్టే తనంతట తాను విచారణకు పూనుకోవలసి వచ్చింది. అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదును జిల్లాలో కాకుండా రాష్ట్ర కమిషన్‌లో వెయ్యాలన్నది ఇంకో మెలిక. గద్వాల రైతు హైదరాబాదుకు ఎన్ని వాయిదాలకు పోగలడు?

పాలకుల దృష్టి ఎటుందో 2020లో తెచ్చిన ఒప్పంద సేద్యపు చట్టం చూస్తే తెలుస్తుంది. కంపెనీకీ రైతుకూ తగాదా వస్తే సివిలు కోర్టుకు పోవద్దు, సబ్ డివిజన్ అధికారి దగ్గరకు పోండి అన్నది ఆ చట్టం. రైతు చేతిలో వున్న కాస్త ఊతకర్రనూ లాగేసుకోబోయింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పైగా రైతాంగం ఎండకూ చలికీ ఓర్చి కూర్చున్నందువల్లనే 2021 నవంబరు 29న పార్లమెంటు ఆ మూడు చట్టాల రద్దు బిల్లును ఆమోదించింది. కోర్టు మెట్లెక్కే హక్కును కూడా రోడ్డు మీద కూర్చునే నిలబెట్టుకోవలసి వచ్చింది.

మన దగ్గరి అనుభవమూ అదే. ములుగు జిల్లాలో వెంకటాపురం, వాజేడు వైపు కంపెనీల విత్తన మొక్కజొన్న వేసి నష్టపోయిన ఆదివాసీ రైతులు, ఇతర రైతులు ఒంటరిగా ఏడుస్తూ కూర్చోలేదు. కలిసి ఆందోళనకు దిగారు. అధికారులనూ, రైతు కమిషన్‌నూ పొలాల దాకా రప్పించారు. 2025లో కంపెనీల నుంచి పరిహారం రాబట్టారు. ఒక్కొక్కరూ విడివిడిగా ఆర్గనైజరు గుమ్మం ముందు నిలబడితే అది వచ్చేదా?

అందుచేత ప్రభుత్వాల ముందు మనం పెట్టవలసిన కోర్కెలు ఇవి:

1. ఒప్పంద పత్రం తెలుగులో వుండాలి. సంతకం రోజే ఒక ప్రతి రైతు చేతికి, ఇంకో ప్రతి మండల వ్యవసాయాధికారికి అందాలి.

2. జీఓటీ పరీక్ష ప్రభుత్వ ప్రయోగశాలలో జరగాలి. ఫలితానికీ, డబ్బు చెల్లింపుకూ గడువు వుండాలి. ఫలితం మీద రైతు తిరిగి పరీక్ష కోరే హక్కు వుండాలి.

3. అడ్వాన్సు అప్పును విత్తన ఒప్పందంతో ముడిపెట్టరాదు. ఖాళీ ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు తీసుకునే ఆర్గనైజర్ల మీద కేసులు పెట్టాలి. కౌలుదారుతో సహా ప్రతి రైతుకూ బ్యాంకు అప్పు అందాలి.

4. ఆర్గనైజరు మాటకూ చేతకూ కంపెనీయే బాధ్యత వహించాలి.

5. కంపెనీ తప్పు వల్ల పంట పోయినప్పుడు కూలీల బాకీ కూడా పరిహారంలో భాగంగా లెక్కించాలి.

6. అన్యాయమైన ఒప్పందాల మీద విచారణ అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వాలి. ఖాళీలు వెంటనే నింపాలి.

ఇవి సాధించేదాకా చేతిలో వున్న హక్కును తుప్పు పట్టనివ్వొద్దు. రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు ఈ సీజనులోనే తమ ఊళ్ళో కంపెనీ ఒప్పందాలున్న ఇళ్ళ జాబితా రాసుకోవాలి. ఎవరి దగ్గర పత్రం వుంది, ఎవరి దగ్గర లేదు, ఎవరి ఖాళీ చెక్కు ఎవరి బీరువాలో వుంది అన్నది తెలుసుకోవాలి. చదువుకున్న కుర్రవాళ్ళు ఉత్తరాలు రాసిపెట్టాలి. డ్వాక్రా మీటింగులో మైక్రో ఫైనాన్సు, బీమా కాగితాలు అందరి ముందూ చదివి అర్థం చెప్పాలి. ఒక రైతు హెచ్చరిక ఉత్తరం పంపేటప్పుడు దాని కింద ఊళ్ళో నష్టపోయిన రైతులందరి సంతకాలూ వుండాలి.

ఒంటరి సంతకాన్ని కంపెనీ సంకెలగా వాడుకుంటున్నది. వంద సంతకాలు ఒక్క కాగితం మీద పడ్డ రోజున ఆ సంకెల ఎవరి చేతికి వుందో కంపెనీకి తెలిసి వస్తుంది.